తగలడం తప్పా, పట్టి ఉంచడం తప్పా?

జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గిడ్డంగుల సాఫ్ట్‌వేరు చూసే కన్సల్టెంటుని నేను. ఇక్కడ తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే ఒకప్పుడు వీసాలు, జావా, ఊళ్ళో కొన్న ఫ్లాట్ల గురించే మాటలు. ఇప్పుడు పిల్లల రోబోల గురించి. 2019 అక్టోబరులో ఫస్ట్ గ్లోబల్ చాలెంజ్ దుబాయిలోనే జరిగింది. సుమారు 190 దేశాల పిల్లలు వచ్చారు. ఆ తర్వాత మావాళ్ళకి ఈ మోజు ఇంకా పెరిగింది. పోటీ ఏదైనా పెద్దవాళ్ళ ఫిర్యాదు మాత్రం ఒకటే: "వాళ్ళ రోబో మావాడి రోబోని గుద్దేసింది, రిఫరీ చూస్తూ ఊరుకున్నాడండీ!"

చాలాసార్లు ఆ ఊరుకోవడమే సరైనది. ఫస్ట్ టెక్ చాలెంజ్ సంగతే తీసుకోండి. బరి 12 అడుగుల చదరం. జట్టుకి రెండు చొప్పున నాలుగు రోబోలు, ఆట మొదలయ్యేటప్పుడు ఒక్కోటి 18 అంగుళాల పెట్టెలో పట్టేంత. అంత ఇరుకులో తగలకుండా తిరగమంటే కోఠీలో సాయంత్రం పూట ఎవరికీ భుజం తగలకుండా నడవమన్నట్టే. అందుకే తగలడం దానంతటది తప్పు కాదు. అడ్డు నిలవడం, తోయడం కూడా ఆటే. ఆ ఏడాది ఆటని బట్టి కొన్ని చోట్ల మాత్రం ముట్టుకోవడమే నిషేధం. కావాలని పడగొట్టడం, విరగ్గొట్టడం ఎలాగూ తప్పే, దాని మీద వాదన ఉండదు. గొడవంతా పిన్నింగు దగ్గరే, అంటే ఎదుటి రోబోని కదలనివ్వకుండా నొక్కి పట్టడం.

2024-25 రూల్ బుక్కు ప్రకారం ఇది మూడు సెకన్లు మించకూడదు. నేరుగా పట్టినా, గోడకి అదిమినా ఒకటే లెక్క. ఇక్కడ చాలామంది చదవకుండా దాటేసే మాట ఒకటుంది: ఎదుటి రోబో కదలడానికి ప్రయత్నిస్తూ ఉండాలి. బ్యాటరీ అయిపోయి ఆగిన రోబోని ఆనుకుని నిలబడితే పిన్నింగు కాదు. కోపంతో జాయ్‌స్టిక్ వదిలేసి రిఫరీ వైపు చూసే కుర్రాడు తన కేసు తనే పోగొట్టుకుంటున్నాడన్నమాట.

మరి వదిలినట్టు ఎప్పుడు లెక్క? మన భాషలో చెప్పాలంటే ఇది లాక్, టైమౌట్ వ్యవహారం. లాక్ వదిలినట్టే వదిలి వెంటనే మళ్ళీ పట్టుకునే థ్రెడ్ ఉంటే పక్కది ఆకలితో చావాల్సిందే. అందుకని రోబోలు రెండడుగుల దూరం జరిగి, మూడు సెకన్లకి పైగా అలాగే ఉండాలి. ఈలోగా వెనక్కి వస్తే ఆగిన లెక్క ఆగినచోటి నుంచే మొదలవుతుంది, సున్నా నుంచి కాదు. ఈ రూలు రాసినవాళ్ళు తప్పకుండా ఏదో ఒక డెడ్‌లాక్ బారిన పడినవాళ్ళే అని నా అనుమానం.

మా వృత్తిలోనూ ఈ తేడా ఉంది. మనుషుల పక్కన పనిచేసే రోబో చేతుల కోసం 2016లో వచ్చిన ఐఎస్ఓ/టీఎస్ 15066 పత్రం, తగిలి వెళ్ళిపోయే తాకిడినీ, చెయ్యి రోబోకీ బల్లకీ మధ్య ఇరుక్కుపోయే తాకిడినీ వేరుగా చూస్తుంది. చాలా శరీర భాగాలకి మొదటి రకంలో రెట్టింపు ఒత్తిడిని అనుమతిస్తుంది.

వెక్స్ పోటీల్లో ఇంకో మంచి మాట ఉంది. పాయింట్లు చేసుకోబోయే రోబోకీ, అడ్డుకునే రోబోకీ మధ్య జరిగినది తేలకపోతే సందేహలాభం మొదటిదానికే. రెండు పోటీల్లోనూ ఎదుటివాణ్ణి తోసి, వాడి చేత రూలు తప్పించి, ఆ పెనాల్టీ కొట్టేద్దామనుకుంటే కుదరదు.

ఇక పెద్దవాళ్ళ సంగతి. గ్యాలరీలోంచి ఫోనులో తీసిన వీడియో పట్టుకుని పరిగెత్తకండి, రిఫరీ చూడడు. అభ్యంతరం చెప్పే హక్కు మనది కాదు, జట్టులోని విద్యార్థిది. మీ అమ్మాయి వెళ్ళి "మమ్మల్ని గుద్దారు" అంటే వినేవాళ్ళు తక్కువ. "మేం వెనక్కి రావడానికి చూస్తున్నాం, గోడకి ఆనించి వదల్లేదు, మీరు లెక్క పెట్టారా?" అని అడిగితే రిఫరీ జవాబు చెప్పి తీరాలి.