చర్మవ్యాధులకు తేనె: ఎంతవరకు మేలు?

ఒంటిపై దద్దురో పొలుసో కనబడగానే వంటింట్లోని తేనె సీసా గుర్తుకు రావడం మన ఇళ్లలో మామూలే. "తేనె రాయవచ్చా డాక్టరుగారూ?" అని చాలామంది అడుగుతుంటారు. అడగడం మంచిదే. అడగకుండా, రాసిచ్చిన ఆయింట్‌మెంటు మానేసి తేనె పూసుకునేవారి గురించే మా బెంగ.

తేనెలో గుణం లేకపోలేదు. దానిలో నీరు తక్కువ, పులుపు ఎక్కువ. తడి తగిలితే అందులోని ఒక ఎంజైము వలన హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పుడుతుంది. అందుకే సూక్ష్మక్రిములు అందులో పెరగలేవు.

తలపైన, ముఖంపైన, ఛాతీపైన దురదతో పొలుసులు రాలే సెబోరిక్ డెర్మటైటిస్ (మొండి చుండ్రు కూడా ఈ కోవదే) ఉన్న 30 మందిపై డాక్టర్ నూరీ అల్ వైలీ చేసిన పరిశోధన 2001లో ప్రచురితమైంది. 9 వంతుల తేనెలో 1 వంతు గోరువెచ్చని నీరు కలిపి, రోజు విడిచి రోజు మెల్లగా రుద్ది, 3 గంటలు ఉంచి కడిగించారు. వారంలో దురద, పొలుసులు తగ్గాయి. ఆ తర్వాత వారానికొకసారి చొప్పున 6 నెలలు కొనసాగించిన 15 మందికి వ్యాధి తిరగబెట్టలేదు. మానేసిన 15 మందిలో 12 మందికి 2 నుంచి 4 నెలల్లో మళ్లీ వచ్చింది. అంటే తేనె వ్యాధిని అణచి ఉంచిందే గాని పూర్తిగా పోగొట్టలేదు. పైగా మరో మందుతో పోల్చి చూడలేదు.

ఆయనే తేనె, తేనెమైనం, ఆలివ్ నూనె సమపాళ్లలో కలిపి ఎగ్జిమా, సోరియాసిస్ రోగులపై వాడి, 2003లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి ఉపశమనం కలిగింది. కాని రోగులు బహు కొద్దిమంది. మైనం, నూనె కూడా చర్మంలో తేమను నిలుపుతాయి గనుక, ఆ మేలులో తేనె వాటా ఎంతో చెప్పడం కష్టం.

తేనెటీగలు చెట్ల జిగురుతో తయారుచేసే ప్రొపోలిస్ ఈమధ్య క్రీముల్లో వస్తోంది. సహజమైనదే అయినా కొందరికి ఇదే అలర్జీ తెచ్చి, ఉన్న ఎగ్జిమాను పెంచుతుంది. ఇక తేనెటీగలతో కుట్టించుకునే వైద్యం జోలికి అసలు పోవద్దు. విషం పడనివారికి నిమిషాల్లో ప్రాణాపాయం రావచ్చు.

ఏడాది నిండని బిడ్డకు తేనె రాయకండి. చేతికి, చెంపకు రాసినది నోట్లోకి పోతుంది. దానివలన బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. రసి కారే పుండుపై ఇంటి తేనె వద్దు. ఆసుపత్రుల్లో గాయాలకు వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు.

మచ్చపై స్పర్శ తెలియకపోతే ఏమీ పూయకుండా వెంటనే చూపించుకోండి. అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి మందులు ఉచితం. ఆలస్యమైతే మాత్రం నరాలు దెబ్బతింటాయి.