కుటుంబ విదేశీ ప్రయాణం: ఒకే ఫోన్‌పై ఆధారపడితే

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్లు ఒంటరిగా, కూలికో కొలువుకో వెళ్లేవారు. ఇప్పుడు కొడుకు దుబాయిలో కుదురుకుంటే తల్లిదండ్రులు, చెల్లెలు, పిల్లలు కలిసి చూసి రావడానికి కూడా వెళ్తున్నారు. ఇంట్లో చదువుకున్నది మీరైతే ఆ ప్రయాణం బాధ్యత మీ మీదే పడుతుంది. టికెట్లు, డబ్బు, ఇంటర్నెట్ మూడూ మీ ఫోన్‌లోకే చేరతాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది.

కొన్నేళ్ల కింద మేం ఆరుగురం బయలుదేరాం. ఆదిలాబాద్ నుంచి శంషాబాద్‌కు 300 కిలోమీటర్లకు పైమాటే. పిల్లలు దారి పొడవునా నా ఫోన్‌లో బొమ్మలు చూశారు. విమానాశ్రయం గుమ్మం దగ్గర భద్రతా సిబ్బంది టికెట్ చూపమనేసరికి చార్జింగ్ అయిపోయింది. ఆరుగురి టికెట్లూ అందులోనే ఉన్నాయి. జీవితమంతా పాఠాలు చెప్పిన నేను ప్లగ్గు కోసం వెతుక్కుంటూ తిరగాల్సి వచ్చింది. అప్పటి నుంచి టికెట్టు, వీసా కాగితం మీద ముద్రించి ఎవరివి వారికే ఇస్తున్నాను. మరో ప్రతి ఇంకొకరి ఫోన్‌లో ఫొటోగా ఉంటుంది.

టికెట్ కొనే ముందే పాస్‌పోర్టుల్లో పేర్లు చూడండి. మన పెద్దవాళ్లలో కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ ఒకే పేరు ఉన్నవారికి సందర్శక వీసాపై ప్రవేశం లేదని ప్రకటించింది. అలాంటి పాస్‌పోర్టు ఉంటే డబ్బు కట్టకముందే విమాన సంస్థను అడగాలి.

ఇక డబ్బు సంగతి. యూపీఐ దేశం దాటింది: 2021లో భూటాన్‌కు, 2024 ఫిబ్రవరిలో శ్రీలంక, మారిషస్‌లకు చేరింది. యూఏఈలోనూ కొన్ని దుకాణాల్లో పనిచేస్తోంది. అయితే అన్నిచోట్లా కాదు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపుల సదుపాయాన్ని మీరే తెరవాలి, మీ బ్యాంకు కూడా దాన్ని ఇస్తూ ఉండాలి. కార్డుదీ ఇదే దారి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 మార్చి 16 నుంచి కొత్త కార్డులు దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తున్నారు. విదేశీ వాడకాన్ని మనమే అడిగి తెరిపించుకోవాలి. కార్డు గీసేటప్పుడు యంత్రం ‘రూపాయల్లోనా, దిర్హాముల్లోనా?’ అని అడిగితే దిర్హాములే ఎంచుకోండి. రూపాయలు తెలిసిన లెక్కే అనిపిస్తుంది గానీ ఆ మార్పిడి రేటు సాధారణంగా మనకు నష్టం. ఇద్దరి దగ్గర వేర్వేరు బ్యాంకుల కార్డులు, ప్రతి ఒక్కరి దగ్గర కొద్దిగా దిర్హాములు ఉండాలి.

చాలామంది పొరపాటు పడేది సిమ్ దగ్గర. యూపీఐ యాప్ మీ ఫోన్‌కూ, అందులోని సిమ్‌కూ ముడిపడి ఉంటుంది. నమోదు సమయంలో ఆ సిమ్ నుంచే బ్యాంకుకు సందేశం వెళ్తుంది. దుబాయిలో దిగగానే మన సిమ్ తీసి పక్కన పెట్టి అక్కడి సిమ్ వేస్తే యాప్ మొరాయించవచ్చు, బ్యాంకు పంపే ఓటీపీ కూడా అందదు. అందుకని మన సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచి, అక్కడిది రెండో గడిలో గానీ ఈ-సిమ్‌గా గానీ పెట్టుకోండి. సందేశాలు రావడానికి రోమింగ్ ఇక్కడినుంచే తెరిపించుకోవాలి. మన సిమ్‌పై డేటా రోమింగ్‌ను మాత్రం ఆపెయ్యండి, లేకపోతే బిల్లు వాచిపోతుంది.

ఒక్కరే స్థానిక సిమ్ కొని హాట్‌స్పాట్‌తో అందరికీ ఇంటర్నెట్ పంచడం చవకే. కానీ మాల్‌లో రెండు జట్లుగా విడిపోతే రెండో జట్టు మూగబోతుంది. కనీసం రెండు సిమ్‌లు కొనండి. యూఏఈలో వాట్సాప్ సందేశాలు వెళ్తాయి గానీ వాట్సాప్ కాల్స్ మామూలుగా కలవవు. ఈ మాట ఊళ్లో ఉన్నవాళ్లకు ముందే చెప్పకపోతే ఫోన్ ఎత్తడం లేదని కంగారు పడతారు. మెట్రోలో ఒకే నోల్ కార్డుతో ఇద్దరు గేటు దాటలేరు, ఎవరి కార్డు వారికే.

మా అక్కకు ఫోన్ వాడటం రాదు. ఆమె చేతిసంచిలో ఒక చీటీ పెట్టాం. దానిమీద ఇంగ్లిషులో బస చేసే చోటు చిరునామా, మా అల్లుడి స్థానిక నంబరు, అక్కడి పోలీసుల 999 రాశాం. మూడో రోజు మార్కెట్‌లో తప్పిపోయినప్పుడు ఆమె ఆ చీటీని ఒక దుకాణదారుకు చూపింది. పది నిమిషాల్లో మా అల్లుడి ఫోన్ మోగింది.