నియంత్రణ చట్టాలు – ఎన్నికల ఫలితాలు: తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తుపాకుల నియంత్రణను సమర్థించిన అమెరికా నాయకులకు ఎన్నికల్లో ఎదురైన ఫలితాలను ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ అనుభవంతో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తుపాకుల నియంత్రణ, మద్యనిషేధం, ఓటరు పట్టుదల, ప్రవాసాంధ్రులు.

1. ఉపోద్ఘాతం:
హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు వరకు మామిడితోటల నడుమనున్న గ్రామాల్లో, పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలున్నాయి. అక్కడ కాల్పులు జరిగితే ఇక్కడ నిద్ర పట్టదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజినీరు తుపాకికి బలయ్యారు. తుపాకి కొనేవారి నేరచరిత్రను పరిశీలించాలన్న నిబంధనను అమెరికన్లలో అత్యధికులు సమర్థిస్తున్నా నాయకులు ఎందుకు వెనుకాడుతున్నారన్నది ప్రశ్న.

2. అమెరికా అనుభవం:
1994 సెప్టెంబరు 13న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సైనిక తరహా తుపాకులను నిషేధించే చట్టంపై సంతకం చేశారు. నవంబరు ఎన్నికల్లో డెమొక్రటిక్ పార్టీ ప్రతినిధుల సభలో 54 స్థానాలు కోల్పోయింది. స్పీకర్ టామ్ ఫోలీ సైతం ఓడిపోయారు. పన్నుల పెంపు, విఫలమైన ఆరోగ్యబీమా సంస్కరణ కూడా ఈ ఓటమికి కారణాలే. అయితే 2013లో కొలరాడోలో తుపాకుల చట్టాలను బలపరచిన ఇద్దరు సెనేటర్లను ఓటర్లు పదవీకాలం ముగియకముందే తొలగించారు. అక్కడ కారణం స్పష్టం.

3. ఆంధ్రప్రదేశ్ అనుభవం:
1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు ఆరంభించిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1994 డిసెంబరులో సంపూర్ణ మద్యనిషేధాన్ని వాగ్దానం చేసిన ఎన్.టి. రామారావు నాయకత్వంలో తెలుగుదేశం 216 స్థానాలు గెలిచింది. రెండు రూపాయల బియ్యం వాగ్దానం కూడా ఇందుకు తోడ్పడింది. 1993లోనే సారాను నిషేధించిన కాంగ్రెస్‌కు దక్కినవి 26 స్థానాలే.

4. విశ్లేషణ:
నెల వ్యవధిలో రెండు నియంత్రణలకు రెండు విరుద్ధ ఫలితాలు వచ్చాయి. ఎందరు సమర్థిస్తున్నారన్నదాని కన్నా, ఆ ఒక్క అంశం కోసమే ఓటు మార్చుకునేవారు ఏ పక్షాన ఉన్నారన్నది ముఖ్యం. అమెరికాలో ఆ పట్టుదల తుపాకి యజమానులది. ఇక్కడ అది సారా వల్ల చితికిన సంసారాల స్త్రీలది.

ఈ పట్టుదల శాశ్వతం కాదు. 1997లో నిషేధాన్ని ఎత్తివేసిన చంద్రబాబునాయుడు 1999లో తిరిగి గెలిచారు. వర్జీనియాలో మార్పు మరో దిశగా సాగింది. 2019 మే 31న వర్జీనియా బీచ్‌లో 12 మంది హతులయ్యాక, ప్రత్యేక శాసనసభ సమావేశాన్ని రిపబ్లికన్లు గంటన్నరలోనే వాయిదా వేశారు. నవంబరులో ఉభయసభలూ డెమొక్రాట్ల వశమయ్యాయి. హైదరాబాదులో జన్మించిన సాహిత్యాచార్యురాలు గజాలా హష్మీ అప్పుడే సెనేటుకు ఎన్నికయ్యారు. 2020లో నేరచరిత్ర పరిశీలనను విస్తరించే చట్టం వచ్చింది.

5. ముగింపు:
నియంత్రణను సమర్థించడమే నాయకుణ్ణి ఓడించదు. బాధితుల దుఃఖం సంఘటితమై ఓటుగా మారనప్పుడే ఆ సమర్థన భారమవుతుంది. దూబగుంట, వర్జీనియా బోధించే పాఠం ఇదే.