బొమ్మ నుంచి మళ్ళీ అంకెకు: వెన్ను డిస్కును కొలిచే ఎం.ఆర్.ఐ.

ఎం.ఆర్.ఐ. బొమ్మలు తీసే యంత్రంగానే అందరికీ తెలుసు గాని, దాని పుట్టుక కొలతల్లో ఉంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచిన హైడ్రోజన్ కేంద్రకాలు తమకు సరిపడే పౌనఃపున్యం గల రేడియో తరంగాలకు స్పందిస్తాయని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా నిరూపించారు. తరంగం ఆగాక కేంద్రకాలు యథాస్థితికి చేరే వేగాన్ని తెలిపేది టీ1 కాలం, వాటి సంకేతం సన్నగిల్లే వేగాన్ని తెలిపేది టీ2 కాలం. ఎలుకల కణుతుల్లో ఈ కాలాలు ఎక్కువగా ఉంటాయని 1971లో రేమండ్ డమాడియన్ ప్రకటించినప్పుడు ఆయన దగ్గర ఉన్నవి అంకెలే. క్షేత్రబలాన్ని చోటును బట్టి క్రమంగా మారిస్తే సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో పసిగట్టవచ్చని 1973లో పాల్ లాటర్‌బర్ చూపిన తర్వాత అంకె వెనక్కి తగ్గి, బొమ్మ ముందుకు వచ్చింది. 2003లో నోబెల్ బహుమతి లాటర్‌బర్‌కూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ దక్కగా, తనకు అన్యాయం జరిగిందని డమాడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించారు.

ఆయన కొలిచిన కాలాలకు వెన్ను డిస్కు విషయంలో మళ్ళీ విలువ వచ్చింది. వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే ఈ డిస్కులు మనిషికి 23 ఉంటాయి. ఒక్కొక్కదానికి చుట్టూ గట్టి నారపొరల వలయం, నడుమ నానిన సగ్గుబియ్యంలాంటి గుజ్జు ఉంటాయి. ప్రోటియోగ్లైకాన్లనే పెద్ద అణువులు తమ రుణావేశంతో సోడియం అయాన్లను, వాటి వెంట నీటిని గుజ్జులోకి లాగి పట్టి ఉంచుతాయి. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు చేరవు కనుక, పోషకాలు పైనా కిందా ఉండే మృదులాస్థి పలకల గుండా ఇంకుతూ రావలసిందే. క్షీణత తొలిదశలోనే ప్రోటియోగ్లైకాన్లు తరుగుతాయి, దానితో నీటిని నిలిపే శక్తి సన్నగిల్లుతుంది, డిస్కు ఎత్తు తగ్గడం ఆ తర్వాతి మాట.

నీరు తెల్లగా కనిపించే టీ2 ప్రధాన చిత్రాల ఆధారంగా 2001లో ఫిర్‌మాన్ బృందం డిస్కు క్షీణతను అయిదు దశలుగా విభజించింది. ఈ విభజన నేటికీ వాడుకలో ఉంది గాని, అది కంటి అంచనా. తొలి మార్పులు దానికి చిక్కడం కష్టం. అందుకే వరుస క్షణాల్లో సంకేతాన్ని పట్టి, చిత్రంలోని ప్రతి బిందువుకూ టీ2 కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కగట్టే పటాలు వచ్చాయి. వీటికన్నా సూక్ష్మమైనది టీ1-రో పద్ధతి. ఇందులో కేంద్రకాలను పక్కకు వంచిన తర్వాత ఒక బలహీనమైన రేడియో తరంగాన్ని కొనసాగించి వాటిని ఆ దిశలోనే బంధించి ఉంచుతారు. అప్పుడు సంకేతం తరిగే తీరు, నీటి అణువులకూ పెద్ద అణువులకూ మధ్య మెల్లగా సాగే చర్యలను బయటపెడుతుంది. మృతదేహాల నుంచి సేకరించిన డిస్కుల్లో టీ1-రో కాలం ప్రోటియోగ్లైకాన్ పరిమాణాన్ని అనుసరించి మారుతున్నట్లు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో చూపారు. సోడియం కేంద్రకాలనే నేరుగా చిత్రించే పద్ధతీ ఉంది గాని, వాటి సంకేతం చాలా బలహీనం కనుక అది ఎక్కువగా పరిశోధనశాలలకే పరిమితమైంది.

అయితే క్షీణతను ముందే పట్టడం వేరు, నొప్పికి కారణాన్ని పట్టడం వేరు. నడుము నొప్పి లేనివారిపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించిన 2015 నాటి సమీక్ష ప్రకారం, 20 ఏళ్ళవారిలో 37 శాతం మందికీ, 80 ఏళ్ళవారిలో 96 శాతం మందికీ డిస్కు క్షీణత చిత్రాల్లో కనిపించింది. పైగా పగలంతా శరీర భారం మోసిన డిస్కు కొంత నీటిని కోల్పోయి, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి పీల్చుకుంటుంది, యంత్రాన్ని బట్టి కూడా అంకె మారుతుంది గనుక, ఉదయం తీసిన కొలతను సాయంత్రపు కొలతతో, ఒక యంత్రపు అంకెను మరో యంత్రపు అంకెతో సరిచూసి తీర్పు చెప్పడం పొరపాటవుతుంది.