వక్క ఒక్కటే, వాడుకలే రెండు

ఖరగ్‌పూర్ తెలుగువారికి తాంబూలం సొంతూరి గుర్తు. అదే వక్క రోజంతా బుగ్గన ఉంటే మాత్రం కథ వేరు

ఆంధ్ర నుంచి హౌరా వైపు వెళ్లే రైలు ఒడిశా దాటి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది. దిగిన ప్రయాణికుడిని రెండు విషయాలు ఆశ్చర్యపరుస్తాయి. ఒకటి, ఎంత నడిచినా తరగని ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలో దీన్ని మించింది లేదు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ రికార్డును తీసుకుపోయాయి. రెండోది, బెంగాలీ ఊరనుకుని దిగినవాడికి చెవిన పడే తెలుగు.

గోల్ బజార్‌లో ఏ కిళ్లీ కొట్టు ముందు కాసేపు నిలబడినా ఊరి స్వరూపం అర్థమవుతుంది. సరుకు ఒక్కటే, పేర్లే వేరు. తెలుగువారికి అది వక్క. బెంగాలీలకు, హిందీ మాట్లాడేవారికి సుపారి. ఒడియావారికి గువా. తడిగుడ్డ మీద ఆకులు, డబ్బాల్లో సున్నం, కాచు, పక్కన జర్దా. ఒడియావారికైతే గుండి అనే ఘాటైన పొగాకు మిశ్రమం.

ఆకు చుట్టుపక్కలదే. మేదినీపూర్ ప్రాంతం తమలపాకుకు పెట్టింది పేరు. తమ్లుక్, కాంథీ వైపు వెళితే ఎండ నేరుగా తగలకుండా నాలుగువైపులా కప్పిన పందిళ్లు కనిపిస్తాయి. వాటిని అక్కడ బరోజ్ అంటారు. తమలపాకు తీగలు పెరిగేది ఆ నీడలోనే. బంగ్లా ఆకు మందం, ఘాటు. మీఠా ఆకు తీపి. తుని, పాయకరావుపేట ఆకులకు అలవాటుపడ్డ నోటికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. వక్క సంగతి వేరు. దాని సాగులో కర్ణాటకదే దేశంలో మొదటి స్థానం. ఇంగ్లీషువాళ్లు రెంటినీ కలిపి ఒకే పేరు పెట్టేశారు కానీ తమలపాకు తీగకు వక్క కాయదు. అది పోకచెట్టు కాయ.

తెలుగువారు ఇక్కడికి రైలు వెంటే వచ్చారు. విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పుతీర రైలుమార్గాన్ని 1893, 1896 మధ్య నిర్మించారు. దాని ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. 1904లో ఖరగ్‌పూర్‌లో ఆ రైల్వే వర్క్‌షాపు వెలసింది. నాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు పని వెతుక్కుంటూ అదే దారిన వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1928లో ఈ రైల్వే కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించింది.

గుర్తింపు రావడానికి వందేళ్లకు పైగా పట్టింది. అంతకాలం ఇంటి భాషను, ఆచారాన్ని కాపాడుకున్నది పెళ్లిళ్లలో, పేరంటాల్లో, మాతా పూజల్లో. వాటిలో తాంబూలం లేనిది ఏదీ లేదు. పసుపు గణపతి కూర్చునేది తమలపాకు మీదే. తాంబూలాలు పుచ్చుకున్నారంటే సంబంధం ఖాయమైనట్లే. ఇరుగుపొరుగులకూ ఇది కొత్త కాదు. బెంగాలీ పెళ్లికూతురు రెండు తమలపాకులు ముఖానికి అడ్డం పెట్టుకుని వస్తుంది. అవి తొలగాకే వరుడితో చూపులు కలుస్తాయి. విజయదశమి నాడు దుర్గమ్మను సాగనంపే ముందు ముత్తయిదువలు ఆకులతో ఆమె ముఖం తుడుస్తారు. ఒడియావారు శుభకార్యానికి పిలవాలంటే గువా చేతిలో పెడతారు. మూడు భాషల వాళ్లు ఒకే వీధిలో ఉన్నా, ఒకరి మర్యాద మరొకరికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇది మర్యాద. కొట్టు ముందు జరిగేది అలవాటు. వక్కలోని అరెకొలిన్ అనే పదార్థం నాడీవ్యవస్థను ఉత్తేజపరుస్తుంది. ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, మగత వదులుతుంది. సున్నం ఆ ప్రభావాన్ని పెంచుతుంది. రాత్రి షిఫ్టు చేసేవారికి, లారీ డ్రైవర్లకు, రిక్షా తొక్కేవారికి అందుకే అది తోడు. కొన్నాళ్లకు అది లేనిదే పని సాగదు.

పొగాకు కలిస్తేనే ప్రమాదమని, ఉత్త వక్కతో ఏమీ కాదని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో, పొగాకు లేని తాంబూలాన్ని, విడిగా వక్కను కూడా క్యాన్సర్ కారకాలుగానే తేల్చింది. నోరు క్రమంగా బిగుసుకుపోయి, చివరికి ముద్ద పెట్టుకోవడానికీ తెరుచుకోని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్‌కు ప్రధాన కారణం వక్కే. 2022లో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన సుమారు 3,89,800 నోటి క్యాన్సర్ కేసుల్లో 1,20,200 నమిలే పొగాకు, వక్కల వల్లేనని 2024లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిలో 83,400 భారత్‌వే.

చట్టాలు లేకపోలేదు. పశ్చిమ బెంగాల్ 2013లో గుట్కాను, పొగాకు కలిపిన పాన్ మసాలాను నిషేధించింది. వ్యాపారులు మసాలాను ఒక పొట్లంలో, పొగాకును మరో పొట్లంలో కట్టి అమ్మడం నేర్చారు. కలిపే పని కొనేవాడిదే. స్టేషన్లలో ఉమ్మితే 500 రూపాయల వరకు జరిమానా వేసేలా రైల్వే 2012లో నిబంధనలు తెచ్చింది. అయినా మూలల్లో ఎరుపు మరకలు మానలేదు. ఇక్కడికి రెండు మూడు గంటల దూరంలోని హౌరా వంతెన ఉక్కునే ఈ ఉమ్ము తినేసింది. స్తంభాల అడుగుభాగానికి ఫైబర్ గ్లాస్ తొడుగులు వేసి కాపాడుకోవాల్సి వచ్చింది. ఉక్కుకు తొడుగు వేయొచ్చు. నోటికి ఆ వీలు లేదు.

వక్కను వదులుకోమంటే ఆచారాన్ని వదులుకోమన్నట్లేనా? జవాబు ప్రతి తెలుగింట్లోనూ ఉంది. పేరంటంలో అందుకున్న వక్కల్లో ఎన్ని నోట్లోకి వెళతాయి? చాలామటుకు సంచిలో ఇంటికొచ్చి, వంటింటి డబ్బాలో చేరి, మరో తాంబూలంలో ఇంకొకరి చేతికి వెళతాయి. ఇచ్చి పుచ్చుకోవడంతోనే మర్యాద పూర్తవుతుంది. భోజనమయ్యాక తాంబూలం వేసుకునే వాడుక పాతదే కానీ, పొద్దుట లేచింది మొదలు బుగ్గన పెట్టుకోమని ఏ ఆచారమూ చెప్పలేదు.

వందేళ్ల కిందట గంజాం నుంచి, విశాఖ నుంచి వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న తాంబూలం ఖరగ్‌పూర్‌లో ఇంకా చేతులు మారుతూనే ఉంది. చేతుల్లో ఎన్ని తరాలు తిరిగినా దానివల్ల ఎవరికీ హాని లేదు.