కరువు నేల – కృతజ్ఞత

ప్రకృతి మీద ప్రేమ కనబరచే రచన ఎదురుకాగానే మన విమర్శకు అనుమానం కలగడం పాత అలవాటు. ఆ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 1920లలో భావకవిత్వం ప్రబలినప్పుడు కొండలూ కోనలూ పూలూ పిట్టలూ కవి వేదనకు తెరలుగా వేలాడాయి. ఆ వనంలో కట్టెలు కొట్టుకునే మనిషి మాత్రం సాధారణంగా కనిపించలేదు. 1943లో అభ్యుదయ రచయితలు తెనాలిలో సమావేశమయ్యేనాటికి ఈ లోటు స్పష్టంగా తెలిసివచ్చింది. ప్రకృతి పరవశం పలాయనవాదమనే తీర్పు ఆ వాతావరణంలో బలపడింది. ఆనాటికి అది న్యాయమైన తీర్పే. కాని పరిస్థితులు మారినా అదే తీర్పును వల్లించడం విమర్శ అనిపించుకోదు. కొండల్లో, అడవిలో, మృగాల సమక్షంలో మనిషి సేదతీరి బతుకు మీద తిరిగి ఆశ తెచ్చుకుంటాడన్నది అబద్ధం కాదు. ఆ అనుభవం ఎవరికి దక్కుతున్నది? దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు? విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు ఇవి.

ఈ ప్రశ్నల్ని పచ్చని మన్యంలో కాక అనంతపురం జిల్లా వజ్రకరూరులో నిలబడి అడగదలిచాను. నీళ్లు పారే చోట ప్రకృతికి దణ్ణం పెట్టడం తేలిక. కరువు నేల మీద పెట్టిన దణ్ణమే నిజమో కాదో తేలుతుంది.

గుంతకల్లుకూ ఉరవకొండకూ నడుమ ఉన్న ఊరు ఇది. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని అడ్డగించగా మిగిలిన తడే ఈ పీఠభూమికి దక్కుతుంది. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ వేళకు రాదు. ఎర్రనేలల్లో వేరుశనగ, నల్లరేగడిలో పప్పుశనగ ఇక్కడి రైతు ఆడే జూదం. నేల అడుగున మరో కథ ఉంది. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోతుల్లో నూరు మైళ్ల దరిదాపు నుంచి ద్రవశిల ఎగదన్నుకొచ్చి గొట్టాల ఆకారంలో గడ్డకట్టింది. దాన్నే కింబర్లైటు అంటారు. పైకి వస్తూ అది వజ్రాలను మోసుకొచ్చింది. యుగాలుగా ఎండకూ వానకూ ఆ శిల శిథిలమై మట్టిలో కలిసింది. వాన ఆ మట్టిని కడిగినప్పుడు ఎక్కడో ఒక రాయి తళుక్కుమంటుంది.

అందువల్ల తొలకరి పడగానే ఈ చేలలోకి జనం వస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, సద్దిమూటలు గట్టున పెట్టి, నడుం వంచి గులకరాళ్లు వెతుకుతారు. వాళ్లను దురాశాపరులని ఎగతాళి చేయడం నాకు ఇష్టం లేదు. పంట మీద తీరని అప్పు ఒక్క రాయితో తీరుతుందేమోనన్న ఆశ వాళ్లను అక్కడ వంచి నిలబెట్టింది. కాని వాళ్ల చూపు నేల మీదనే ఉన్నా, నేలను చూడడం లేదు. వెలను వెతుకుతున్నది.

అదే వాన బీళ్లలో గడ్డి పుట్టిస్తుంది. వంకల పక్క తీతువు అరుస్తుంది. రేగడి చేల మీద కృష్ణజింకల మంద కదులుతుంది. పోతుజింక నల్లని వీపు, మెలి తిరిగిన కొమ్ములు, తెల్లని పొట్ట. దాని చుట్టూ గోధుమవన్నె పెంటిజింకలు. ఏదో అలికిడికి ఒకటి గాల్లోకి ఎగిరితే మంద మొత్తం వరుసగా ఎగురుతుంది. చెట్టు నీడ కూడా దొరకని ఆ బయలులో ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాలో అలసట దిగిపోయింది. ఎండిపోయిందనుకున్న నేల ఇంత ప్రాణాన్ని సాకుతున్నదే అన్న ఆశ్చర్యం కలిగింది. ఆ నేలకు ఋణపడ్డాననిపించింది.

ఒకసారి ఆ మాటే గట్టున కూర్చున్న రైతుతో అన్నాను. ఆయన నవ్వి, ‘‘సూసేదానికి బాగుంటాయి సార్. మొలక మీద పడినాయంటే మాకేం మిగల్దు’’ అన్నాడు. మన చర్చకు కీలకం ఆ మాటలోనే ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు అది రాష్ట్ర జంతువు కూడా. దాన్ని కాపాడవలసిందే, అందులో రాజీ లేదు. అయితే ఆ రక్షణకు మేత సరఫరా చేస్తున్నది ఎవరు? విత్తనం కొని, అప్పు తెచ్చి, రాత్రి చేను కాచే సన్నకారు రైతు. కంటికి పండుగ నాది, కంటికి కునుకు లేనిది ఆయనకు.

ఇదే ప్రాంతానికి దక్షిణాన, చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ మంచితనం గొప్పదే. కాని కొంగ చెరువులో చేప తింటుంది, చేలో మొలక తినదు. ప్రేమ కూడా భౌతిక పరిస్థితుల మీద ఆధారపడి పెరుగుతుంది. వజ్రకరూరు రైతుకు దయ తక్కువ కాదు. ఆయనకు పడే ఖర్చు ఎక్కువ.

‘కృతజ్ఞత’ అన్న మాటనే పరిశీలించండి. చేయబడినదానిని ఎరగడం కృతజ్ఞత. అది మొదట జ్ఞానం, ఆ తర్వాతే భావం. ఎవరు ఏం చేశారో, ఎవరు ఏం కోల్పోయారో తెలియకుండా పొంగే భావం కృతజ్ఞత కాదు, వట్టి పరవశం. సంపదకంతటికీ శ్రమ ఒక్కటే మూలమన్న వాదాన్ని మార్క్స్ 1875లో గోథా కార్యక్రమంపై విమర్శలో ఖండించి, ప్రకృతి కూడా అంతే మూలమన్నాడు. మనం శ్రమను గుర్తుపెట్టుకుని ఈ రెండో సగాన్ని మరిచాం. ప్రకృతి ప్రేమికులు రెండో సగాన్ని పట్టుకుని శ్రమను మరిచారు.

ఈ మరుపుకు ఎంత మూల్యం చెల్లిస్తున్నామో ‘బంజరు’ అనే మాట చెబుతుంది. శిస్తు రాని నేలకు రెవెన్యూ లెక్కలు పెట్టిన పేరు అది. గొర్రెకు మేత, జింకకు నెలవు, పేదకు వంటచెరకు ఇచ్చే గడ్డినేల ఆ లెక్కలో శూన్యం. చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లిలో ఇలాంటి బోడికొండలనే పల్లెజనం 1990ల నుంచి నిప్పు పడకుండా కాచి, గడ్డినీ చెట్లనూ తిరిగి తెచ్చుకున్నారు. పునరుజ్జీవనం అంటే అది. పునరుజ్జీవనం పొందింది కొండ ఒక్కటే కాదు, దాన్ని కాచిన మనుషులు కూడా. కాని కాగితం మీద అది బంజరుగానే మిగిలినందున తర్వాత ఆ కొండలను తొలిచి గాలిమరలకు బాటలు వేయడం సులువైంది. ఖాళీ అని పేరుపడ్డ నేలను ఎవరైనా ఆక్రమించవచ్చు.

కరువు సాహిత్యం ఇక్కడ ఆత్మపరిశీలన చేసుకోవాలి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ నుంచి సీమ రచయితలు ఎండిన ఏటినీ మాడిన కడుపునీ లోకానికి చూపారు. ఆ పని జరగకపోతే మన దుఃఖం లెక్కలోకే వచ్చేది కాదు. అయితే ఆ దారిన వచ్చిన అనుకరణలలో నేల వట్టి శవంగా మారింది. నేలను శవమన్న కవి, తెలియకుండానే, దాన్ని బంజరన్న గుమాస్తా పక్కన నిలబడుతున్నాడు. ఏం మిగిలి ఉందో చెప్పలేనివాడు దేన్ని కాపాడమని పోరాడతాడు?

రెండు సగాలనూ కలిపిన రచనలు మనకు లేకపోలేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ (2019) చూడండి. కరువుకు మేత లేక కాపరులు గొర్రెలను నల్లమలకు తోలుకుపోతారు. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు వాళ్లతో వెళ్తాడు. అడవి అతనికి ధైర్యం నేర్పుతుంది. కాని అతను అక్కడికి విహారానికి వెళ్లలేదు. మంద బతకాలని వెళ్లాడు. పెద్దపులి భయమూ, నీళ్ల కరువూ, కాపరుల అనుభవజ్ఞానమూ కలిసి అతన్ని మనిషిని చేశాయి. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా తెలుగు చేశారు. అందులో కథకుడికి అడవి కొత్త ప్రాణం పోస్తుంది. అతని ఉద్యోగం మాత్రం ఆ అడవిని కొట్టించి కౌళ్లకివ్వడం. తనకు మేలు చేసినదాన్ని తన చేతులతోనే నరికిస్తున్నానన్న ఎరుక ఆ పుస్తకానికి బలం.

కొత్తగా రాసేవారికి నా మనవి ఇంతే. కొండ మీది గాలికి మనసు తేలికపడితే దాచుకోకండి; సిగ్గుపడవలసిన పని లేదు. జింకను రాయండి, దాని పరుగును రాయండి. ఆ పేజీలోనే అది మేసిన చేను ఎవరిదో, అందుకు ఆ రైతుకు ఎవరు పరిహారం ఇవ్వాలో కూడా రాయండి. రైతుకు నష్టపరిహారం అడిగే గొంతూ, గడ్డినేలను బంజరనవద్దనే గొంతూ ఒకటే కావాలి. ఆ రెండూ విడిపోయినంత కాలం రైతూ జింకా ఒకరికొకరు శత్రువులుగా కనిపిస్తారు, నేలను కాజేసేవాడు మాత్రం ఎవరికీ కనిపించడు.