ఫార్మాట్ కొట్టినా వైరస్ పోదేం?

*కంప్యూటర్‌ను తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించినా కొన్ని ఇళ్లలో రోగం తిరగబెడుతూనే ఉంటుంది. దాని వేళ్లు ఎక్కడుంటాయి? ఇంట్లోనే, ఖర్చు లేకుండా పూర్తిగా శుభ్రం చేసుకోవడం ఎలా?*

బ్రౌజర్ తెరిస్తే మనం పెట్టని సెర్చ్ పేజీ వస్తుంది. పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోతాయి. వైరస్‌ను తొలగించానని యాంటీవైరస్ చెబుతుంది, రీస్టార్ట్ చేస్తే అదే పేరు మళ్లీ ప్రత్యక్షం. విసిగిపోయి వీధి చివరి షాపులో ఇస్తే ఫార్మాట్ కొట్టి ఇస్తారు. నెల తిరక్కుండానే కథ మొదటికొస్తుంది. చదువుకునే పిల్లలున్న ఇళ్లకూ, డీటీపీ పని మీద బతికే కుటుంబాలకూ ఈ అవస్థ కొత్తేం కాదు.

ఫార్మాట్ సగంలో ఆగిపోవడం, తుడిచాక పాత సరుకునే మళ్లీ లోపల పెట్టడం... చాలా ఇళ్లలో కారణాలు ఈ రెండే.

దాక్కునే చోట్లు

పీసీలకు సోకిన తొలి వైరస్ 'బ్రెయిన్'. 1986లో లాహోర్‌కు చెందిన అన్నదమ్ములు బాసిత్, అమ్జద్ ఫరూక్ అల్వీ రాశారు. అది ఫ్లాపీలోని బూట్ సెక్టార్‌లో దాక్కునేది. కంప్యూటర్ లేచేటప్పుడే తానూ లేవాలన్న ఎత్తుగడ అప్పటి నుంచీ ఉన్నదే. ఇప్పటి మాల్వేర్ రిజిస్ట్రీలో పేరు రాసుకుంటుంది, టాస్క్ షెడ్యూలర్‌లో గంటకోసారి లేచే పని పెట్టుకుంటుంది. యాంటీవైరస్ ఫైలును చెరిపినా ఆ షెడ్యూలు మిగిలితే చాలు, సరుకంతా నెట్ నుంచి మళ్లీ దిగుతుంది. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉంటే, కొత్త విండోస్‌లో లాగిన్ కాగానే పాత ఎక్స్‌టెన్షన్ కూడా వచ్చి కూర్చుంటుంది.

2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన 'లోజాక్స్' ఏకంగా మదర్‌బోర్డు చిప్‌లోనే తిష్ఠ వేసింది. హార్డ్‌డిస్క్ మార్చినా పోయేది కాదు. అయితే దాని గురి ప్రభుత్వ సంస్థల మీద. ఇళ్లలోకి అలాంటివి రావడం బహు అరుదు.

సి తుడిచి, డి వదిలేస్తే

కంప్యూటర్ కొన్న రోజే డిస్కును సి, డి, ఇ అంటూ పంచేయడం మన దగ్గర అలవాటు. ఫార్మాట్ కొట్టించేది సి వరకే. డి డ్రైవ్‌లో 'సాఫ్ట్‌వేర్స్' అన్న ఫోల్డర్ పదిలంగా ఉంటుంది. తెరిచి చూడండి: ఫొటోషాప్ క్రాక్, ఆఫీస్ యాక్టివేటర్, తెలుగు డీటీపీ ప్యాకేజీల దొంగ కాపీలు. పక్కనే ఓ నోట్‌ప్యాడ్ ఫైలు, అందులో 'ముందు యాంటీవైరస్ ఆపేయండి' అన్న సూచన. కాపలావాణ్ని ఇంటికి పంపి దొంగకు తలుపు తీయడమే ఇది. ఇంటి ఫొటోలకు, పిల్లల ప్రాజెక్టులకు తాళం వేసి డబ్బు గుంజిన 'స్టాప్' రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఇలాంటి క్రాకుల వెంటే వచ్చింది.

తుడిచే ముందు

మొదట నెట్ తీసేయండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ కుకీలను దోచే మాల్వేర్ ఇప్పుడు ఎక్కువ. డిస్కు తుడిచినంత మాత్రాన పోయిన పాస్‌వర్డ్ మనదైపోదు. అందుకే వేరే ఫోన్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి. అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ కొట్టండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తర్వాత బ్యాకప్. డి డ్రైవ్‌తో సహా అన్నిచోట్లా ఉన్న ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు తీసుకోండి. ప్రోగ్రాములు, క్రాకులు, షార్ట్‌కట్‌లు వద్దు. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్ పెడితే, పెళ్లి ఫొటోలా కనిపించే ఫైలు చివర ఈఎక్స్ఈ ఉంటే బయటపడుతుంది. తీసుకున్న ఫైళ్లు సరిగా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ముందుకెళ్లండి.

తుడిచేది ఇలా

శుభ్రమైన మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ సిద్ధం చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాళీదే వాడండి. దాంతో బూట్ చేస్తే, విండోస్ ఎక్కడ పెట్టాలో అడిగే తెర వస్తుంది. అక్కడ పార్టిషన్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ ఎంచుకుని డిలీట్ చేస్తూ పోండి. చివరికి 'అన్‌అలొకేటెడ్ స్పేస్' అన్న ఒక్క గీతే మిగలాలి. చాలా ఫార్మాట్లు తప్పేది ఈ తెర దగ్గరే.

అసలు విండోస్‌తో వచ్చిన కంప్యూటరైతే ప్రొడక్ట్ కీ లేదని దిగులు అక్కర్లేదు. లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

ఎక్కించాక

తొలి పని అప్‌డేట్‌లు. 2017 మేలో 'వాన్నాక్రై' రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపేసింది. అది చొరబడిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లే దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోనూ కొన్ని దాని బారిన పడ్డాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలకు లినక్స్ మింట్ ఉచితంగా దొరుకుతుంది.

క్రాకుల అవసరమూ ఇప్పుడు తగ్గింది. ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్, ఫొటోలకు గింప్ ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో పైసా లేకుండా దొరుకుతాయి. బాట్ మాల్వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలను కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి అందిస్తోంది.

షాపులో ఇచ్చేటప్పుడు సి ఒక్కటే కాకుండా డిస్కంతా తుడవమని, క్రాకు సాఫ్ట్‌వేర్ ఏదీ వేయొద్దని గట్టిగా చెప్పండి. వీలైతే పక్కన కూర్చుని చేయించుకోండి. పిల్లల చదువులు, బ్యాంకు లెక్కలు, ఇంటిల్లిపాది ఫొటోలు ఉండే యంత్రానికి ఆ మాత్రం శ్రద్ధ తప్పనిసరి.